క్యాంపుకు రానివారి పేర్లు

ప్రశ్న: మాది పార్వతీపురం మన్యం జిల్లా. ఉపాధ్యాయులు, ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కొందరు చిన్న వ్యాపారులు కలిసి మొత్తం పన్నెండు మందిమి ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నాము. విశాఖపట్నం నుంచి డాక్టర్లను పిలిపించి ఏడాదికి రెండుసార్లు మండల కేంద్రంలో ఉచిత వైద్య శిబిరం పెడతాము. ఖర్చులో ఎక్కువ భాగం అమెరికాలో ఉన్న మా బంధుమిత్రులు పంపుతారు. గత వర్షాకాలంలో కొండ మీది ఒక సవర గిరిజన గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీలో దించుతుండగా దారిలోనే కాన్పు అయింది. బిడ్డ ఆ రాత్రే చనిపోయింది. మా క్యాంపు రిజిస్టర్లన్నీ తిరగేస్తే ఆ గూడెం పేరు ఒక్కచోట కూడా కనిపించలేదు. అప్పటి నుంచి మనసు కుదుటపడడం లేదు. మేము చేస్తున్న పనికి అర్థం ఉందా? క్యాంపులు ఆపేసి అంబులెన్స్ కొనాలా, లేక సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి కట్టాలా? ఆరోగ్యంలో మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉన్నప్పుడు మాలాంటి చిన్న సంస్థ చేయగలిగింది ఏమిటి?

సమాధానం: మాన్యులకు నమస్కారం. రిజిస్టర్లన్నీ తిరగేశామని, ఆ గూడెం పేరు ఎక్కడా కనిపించలేదని మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. శిబిరాలు నిర్వహించే సంస్థలు ఎంతమంది వచ్చారో సంతోషంగా లెక్క చెబుతాయి గాని, ఎవరు రాలేదో వెతకడం చాలా అరుదు. మీరు వెతికారు. మీ ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు సూటిగా చెప్పవలసినవి చెబుతాను. అంబులెన్స్ కొనవద్దు. ఆసుపత్రి కట్టవద్దు. క్యాంపులను పూర్తిగా మానుకోనక్కరలేదు గాని, మీ పనంతా వాటి చుట్టూనే తిరగకూడదు. సేవలు అందనివారు ఎవరెవరో పేరుపేరునా తెలుసుకుని, ప్రభుత్వ పథకాల ప్రకారం వారికి ఇప్పటికే దక్కవలసినవి నిజంగా దక్కే దాకా వారి వెంట ఉండడం మీ పన్నెండు మందికీ సాధ్యమైన పని. స్థానికంగా ఉంటూ, బదిలీలు లేకుండా, ఏళ్ల తరబడి అవే ఇళ్లకు వెళ్లగలిగే మనుషులకు మాత్రమే సాధ్యమైన పని కూడా అదే.

క్యాంపు గురించి కొంచెం కఠినంగా మాట్లాడతాను, మన్నించండి. మండల కేంద్రంలో శిబిరం పెడితే మొదట వచ్చేది రోడ్డు పక్క ఊళ్లవారు. వారు ఆటో ఎక్కి రాగలరు, డాక్టరుతో తెలుగులో తమ బాధ చెప్పుకోగలరు, ఒక పూట పని మానుకున్నా ఆ రోజు వారి పొయ్యి వెలుగుతుంది. కొండ మీది మనిషి దిగి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, చిన్నపిల్లలను ఎవరి దగ్గరో వదలాలి, వచ్చాక భాష తెలియని చోట వరుసలో నిలబడాలి. అందువల్ల శిబిరం మంచి పనే అయినా, ఇప్పటికే ఎంతో కొంత వైద్యం అందుతున్నవారికి మరికొంత అందించి, ఏమీ అందనివారిని ఉన్నచోటే ఉంచుతుంది. అంటే మన ప్రమేయం లేకుండానే అంతరం కొంచెం పెరుగుతుంది. నేనూ కొన్నేళ్లు శిబిరాల్లో పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. బీపీ ఉన్న ముసలివారి చేతిలో పది రోజుల మాత్రలు పెట్టి పంపినప్పుడు, పదకొండో రోజు వారు ఏం మింగుతారన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

వైద్యం అవసరం ఎక్కువ ఉన్నచోట దాని లభ్యత తక్కువగా ఉంటుందన్న ఈ సంగతిని వేల్స్ దేశంలోని బొగ్గుగని లోయలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే ఒక సూత్రంగా చెప్పాడు. మన దేశంలో గిరిజనుల ఆరోగ్యంపై కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక చదివితే అదే సూత్రం అంకెల్లో కనిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో అయిదేళ్లు నిండకుండా చనిపోయినవారు షెడ్యూల్డ్ తెగల్లో 57.2 మంది ఉండగా, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులు కాని మిగతావారిలో 38.5 మంది ఉన్నారు. మీరు చూసిన మరణం ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోది. అయితే ఆ బిడ్డ పేరు ఏ లెక్కలోనైనా చేరిందా అన్నది వేరే ప్రశ్న, దానికి చివర్లో వస్తాను.

ఆ కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ అభయ్ బంగ్. ఆయన, ఆయన భార్య డాక్టర్ రాణి బంగ్ కలిసి మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో చేసిన పని గురించి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సందేహాలకు అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. గడ్చిరోలి మనకు దూరపు జిల్లా కాదు. తెలంగాణకు పొరుగున ఉంది, దానిలోని సిరోంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. అక్కడ వారు 1986లో ‘సెర్చ్’ అనే సంస్థను ప్రారంభించారు. మొదట రెండు గ్రామాల్లో ఆరు వందల యాభై మంది స్త్రీలను పరీక్షిస్తే, నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని తేలింది, కానీ అంతకు ముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మంది మాత్రమే. ఆ స్త్రీలు ఆసుపత్రికి రాకపోవడాన్ని అప్పటిదాకా అందరూ జబ్బు లేకపోవడంగా అర్థం చేసుకున్నారు. 1989లో ఈ పరిశీలన అచ్చయినప్పుడు ప్రపంచ వైద్యలోకం ఉలిక్కిపడింది.

తరువాత వారు నవజాత శిశువుల మరణాల మీద దృష్టి పెట్టారు. ముప్ఫై తొమ్మిది గ్రామాల్లో, కొద్దిపాటి చదువున్న స్థానిక స్త్రీలనే ఎంపిక చేసి, పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని బిడ్డకు శ్వాస అందించడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తించి ఇంటి దగ్గరే యాంటీబయాటిక్ ఇవ్వడం నేర్పారు. ఆ పని లేని నలభై ఏడు గ్రామాలతో పోల్చి చూస్తే మూడేళ్లలో నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గింది. 1999లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 2011 నుంచి ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి ఆరుసార్లు, ఇంట్లోనే కాన్పు జరిగితే ఏడుసార్లు వెళ్లి బిడ్డను చూసే పద్ధతి దేశమంతటా వచ్చిందంటే దాని వేరు అక్కడ ఉంది. నేను ఇందులో ముఖ్యంగా గమనించమనేది ఆ ఫలితానికి ముందు జరిగిన పనిని. ఊరూరా ప్రతి పుట్టుకను, ప్రతి చావును మనుషులను పెట్టి రాయించకపోయి ఉంటే ఎంతమంది పిల్లలు పోతున్నారో వారికే తెలిసేది కాదు, తగ్గిందో లేదో చెప్పడానికి ఆధారమూ ఉండేది కాదు.

కాబట్టి మీరు మొదట చేయవలసింది మీ మండలంలోని గూడేలన్నిటి పేర్లూ ఒక పెద్ద కాగితం మీద రాయడం. పంచాయతీల పేర్లతో ఆగిపోకండి, అయిదారు ఇళ్లున్న చోటును కూడా విడిచిపెట్టకండి. ఒక్కొక్క గూడెం పక్కన బండి వెళ్లే చివరి చోటు ఏది, అక్కడి నుంచి ఎంత సేపు నడవాలి, వానాకాలంలో ఏ గెడ్డ (కొండవాగు) దాటాలి, ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, ఆశా కార్యకర్త అదే గూడెంలో ఉంటారా లేక కింది ఊరిలోనా అన్నవి రాయండి. తరువాత మీ రిజిస్టర్లలో ఒక్కసారి కూడా కనిపించని గూడేలను ఎర్ర సిరాతో గుర్తించండి. మీ పన్నెండు మందీ అన్నిటికీ వెళ్లలేరు. ఎర్ర సిరా పడిన వాటిలో అయిదు గూడేలను ఎంచుకుని, నెలకొకసారి తప్పకుండా వెళ్లగలిగితే చాలు. వెళ్లినప్పుడు గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, నెలల తరబడి దగ్గుతున్నవారు, ఆధార్ గాని రేషన్ కార్డు గాని లేనివారు ఎవరో తెలుసుకోండి. ఆ వివరాలను ఉపకేంద్రం నర్సు అయిన ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల రికార్డులతో వారి సమక్షంలోనే సరిచూడండి. వారిని తప్పుపట్టడానికి వచ్చినట్లు ఒక్కసారి అనిపించినా మీ పని అక్కడితో ఆగిపోతుంది. కొండ ప్రాంతంలో మూడు వేల జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణమే గాని, ఆ మూడు వేల మంది పదిహేను ఇరవై గూడేల్లో చెదిరి ఉంటే ఒక్క ఏఎన్‌ఎం నడక ఎంతో మీరే ఊహించగలరు.

గర్భిణి విషయానికి వస్తాను, మీ మనసులో మెదులుతున్నది అదే గనుక. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ భోజనం, ఇంటి నుంచి రావడానికి, తిరిగి వెళ్లడానికి వాహనం అన్నీ ఉచితం. మీ జిల్లాలోనే సాలూరులో, మరికొన్ని చోట్ల గిరిజన గర్భిణుల వసతి గృహాలు ఏర్పాటయ్యాయి. నెలలు నిండకముందే వచ్చి అక్కడ ఉంటే డోలీ అవసరమే రాదన్నది వాటి ఉద్దేశం, చాలా మంచి ఉద్దేశం. మరి ఆ తల్లి ఎందుకు రాలేదు? దయచేసి మీరు ఆ ఇంటికి వెళ్లి, తొందరపెట్టకుండా, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వినండి. నాకు తెలిసిన ఇళ్లలో విన్న జవాబులు ఇలా ఉన్నాయి: పెద్దబిడ్డకు మూడేళ్లు, వాణ్ని ఎవరు చూస్తారు, పోడు కోత సమయం, ఇంకో చేయి లేదు, అక్కడ తిండి మాకు పడదు, నర్సమ్మ కసురుకుంటుంది, మా మాట వాళ్లకు రాదు, వాళ్ల మాట మాకు రాదు, కాన్పు గదిలోకి అత్తను రానివ్వరు. వీటిలో ఒక్కదానికైనా అంబులెన్స్ మందు కాదు. అన్నిటికీ మనుషులే మందు.

అక్కడే మీ సంస్థకు నిజమైన చోటుంది. సవర భాష మాట్లాడే, తానూ పిల్లలను కన్న ఒక స్త్రీని గౌరవప్రదమైన నెలజీతంతో నియమించండి. ఏడో నెల నుంచి ఆమె ఆ గర్భిణి ఇంటికి రాకపోకలు సాగించాలి, పెద్దబిడ్డను తల్లితో పాటు వసతి గృహానికి తీసుకురావడానికి ముందే మాట తీసుకోవాలి, ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చోవాలి, నర్సు చెప్పింది ఆమెకు, ఆమె చెప్పింది నర్సుకు అర్థమయ్యేలా చెప్పాలి. పదిహేను రోజులు కూలి పోయే కుటుంబానికి బియ్యం, పప్పు, నూనె పంపే బాధ్యత మీరు తీసుకోండి. రెండు క్యాంపులకు అయ్యే షామియానా, భోజనాలు, ఫ్లెక్సీలు, ప్రయాణాల ఖర్చును ఒకసారి కూడి చూస్తే, అలాంటి ఒక మనిషి జీతంలో మంచి భాగం అక్కడే దొరుకుతుందని అనుకుంటున్నాను. ఆ గూడేల నుంచి వచ్చిన ఒక అమ్మాయిని నర్సింగ్ చదివించగలిగితే ఇంకా మంచిది, కానీ దానికి సమయం పడుతుంది.

అంబులెన్స్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. 108 సేవ 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది, ఏజెన్సీలో బైకు మీద నడిచే ఫీడర్ అంబులెన్సులూ వచ్చాయి. ఆ తల్లికి కరువైంది బండి కాదు, బండి దాకా వచ్చే దారి. మీరు కొన్న బండి కూడా ఆ చివరి చోటనే ఆగుతుంది, పైగా డ్రైవర్లు, డీజిల్, ఇన్సూరెన్సు, మరమ్మతులు ఏటేటా మీ శక్తినంతా తినేస్తాయి. దారి కోసం అడగడం మీ పనిలో భాగం చేసుకోండి. 2023 నవంబర్‌లో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలో ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాల ఆవాసాలకు రోడ్లు, సంచార వైద్య వాహనాలు ఉన్నాయి. ఆ జాబితాలో కొండ సవరలు ఉన్నారు. అయితే ఆ గూడెం వారి ధ్రువపత్రాల్లో, సర్వేలో ఏ పేరు నమోదైందన్నది చాలా ముఖ్యం గనుక, ఆ సంగతి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలో ముందుగా తేల్చుకోండి. ఒక మాట తేడా వల్ల ఒక గూడెం జాబితాలో లేకుండా పోవచ్చు, దాన్ని పట్టుకుని తిరిగే ఓపిక ఆ గూడెం వారి కంటే మీకు ఎక్కువ ఉంటుంది.

ఆసుపత్రి విషయంలో మీరు అనంతపురం ప్రాంతంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును తలుచుకుని ఉండవచ్చు. బత్తలపల్లిలో వారి ఆసుపత్రి ఎంతమందికి ఆసరా అయిందో నాకు తెలుసు, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ విన్సెంట్ ఫెర్రర్ అక్కడికి వచ్చింది 1969లో. ఆ ఆసుపత్రి వెనుక దశాబ్దాలపాటు ఊళ్లలో నీళ్లు, ఇళ్లు, చదువుల మీద చేసిన పని, పూర్తికాలం పనిచేసే పెద్ద యంత్రాంగం ఉన్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు కేటాయించే పన్నెండు మంది, డాక్టరు నిలవని చోట నాలుగు గదులు కడితే అవి రెండేళ్లలో తాళం పడిన గదులవుతాయి. ఆ తాళం చూసిన ఊరు ఆ తరువాత ఎవరినీ నమ్మదు.

క్యాంపు ఉంచుకోదలిస్తే దాన్ని చిన్నది చేసి, వారపు సంత రోజున, కొండ మీదివారు ఎలాగూ దిగి వచ్చే చోట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారితో కలిసి పెట్టండి. బీపీ, షుగర్ ఉన్నట్లు తేలిన ప్రతి ఒక్కరి పేరు అదే రోజు ఉపకేంద్రం రిజిస్టరులోకి ఎక్కాలి. నెలనెలా మాత్రలు అక్కడి నుంచి అందేటట్లయితేనే పరీక్ష చేయండి. వైద్యం కొనసాగించే ఏర్పాటు లేకుండా జబ్బు పేరు చెప్పి పంపడం ఆ మనిషికి భయం తప్ప ఇంకేమీ ఇవ్వదు.

డబ్బు వెచ్చించడానికి ఇంకొక మంచి మార్గం టీబీ రోగుల ఇళ్లకు తిండి. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో జరిగి, 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో రోగితో పాటు అదే ఇంట్లో ఉన్నవారికి కూడా నెలనెలా ఆహార సరుకులు, విటమిన్ మాత్రలు ఇస్తే, ఆ ఇంట్లోవారికి కొత్తగా టీబీ రావడం దాదాపు 39 శాతం తగ్గింది. ప్రభుత్వం నిక్షయ్ పోషణ యోజన కింద రోగికి ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబర్‌లో నెలకు 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచింది. అయితే బ్యాంకు ఖాతా లేక, ఉన్నా ఆధార్‌తో కలవక ఆ డబ్బు అందనివారు మీ గూడేల్లో తప్పకుండా కనిపిస్తారు. టీబీ రోగులకు ఆసరాగా నిలిచే దాతలుగా, అంటే నిక్షయ మిత్రలుగా నమోదు చేసుకుని ఇంటిల్లిపాదికీ సరుకులు అందించడం మీ స్తోమతకు తగిన పని. ఆకలికీ జబ్బుకూ ఉన్న బంధం గురించి ఇంకా చాలా రాయాలని ఉంది గాని, మీరు అడిగింది దాటిపోతాను.

మీరు అడగకపోయినా హెచ్చరించవలసిన సంగతి ఒకటుంది. అమెరికా నుంచి డబ్బు పంపే మీ బంధువుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతలే అవుతారు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా వారి నుంచి ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. 2020లో చేసిన సవరణ వల్ల, నమోదు ఉన్న వేరే సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడమూ కుదరదు. మంచి మనసుతో పనిచేసిన సంస్థలు ఈ తేడా తెలియక చిక్కుల్లో పడ్డాయి. వచ్చే విరాళం తీసుకునే ముందే ఒక ఆడిటరును కలిసి, ఎవరెవరి పౌరసత్వం ఏమిటో రాసి పెట్టుకోండి.

అధికారులతో వ్యవహారం గురించి ఒక్క మాట. సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లినప్పుడు గిరిజనులకు వైద్యం అందడం లేదని రాసిన అర్జీకి రసీదు మాత్రమే దక్కుతుంది. ఫలానా గూడెంలో ఇంతమంది గర్భిణులు ఉన్నారు, ఫలానా నెలల్లో ఏఎన్‌ఎం రాలేకపోయారు, కారణం గెడ్డ పొంగడం, కాబట్టి ఆ రెండు నెలల ముందే మందులు పైకి చేర్చాలి అని రాసిన కాగితాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం. ఆ కాగితం మీద మీ సంతకం కంటే ఆ గూడెం స్త్రీల సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా పదివేల రూపాయల వరకు నిధి ఉంటుంది. ఆ కమిటీలో పై గూడెం మనిషి ఒక్కరైనా ఉన్నారా, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఊరికి తెలుసా అని అడగడం కూడా వారికే నేర్పండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న స్త్రీలు సారా దుకాణం మూయించే దాకా వెళ్లారు, మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎన్ని క్యాంపులు పెట్టినా అంత ఆరోగ్యం ఆ ఇళ్లకు చేరేది కాదు.

ఇక ఆ తల్లి దగ్గరకు తిరిగి వస్తాను. బాలింత ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లడం ప్రధానంగా బిడ్డ కోసం ఏర్పాటైనది గనుక, బిడ్డ పోయిన ఇంటికి ఎవరూ వెళ్లకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మీ రిటైర్డ్ స్టాఫ్ నర్సు గారిని, సవర మాట్లాడే ఒక స్త్రీని వెంటబెట్టుకుని ఈ వారంలోనే వెళ్లండి. ఆమెకు రక్తం ఎంత ఉందో, బీపీ ఎలా ఉందో, జ్వరం గాని రక్తస్రావం గాని ఇంకా ఉన్నాయేమో చూడండి. నిద్ర పడుతోందా, అన్నం తింటోందా అని అడగండి. బిడ్డ ప్రాణంతో పుట్టి ఆ రాత్రి చనిపోయిందంటే ఆ పుట్టుక, ఆ మరణం రెండూ నమోదు కావాలి. ఇరవై ఒక్క రోజుల గడువు దాటిపోయినా ఆలస్య రుసుముతో, తగిన అనుమతితో నమోదు చేయించే వీలుంది. కుటుంబం ఒప్పుకుంటే ఆ కాగితాల పని మీరు చేసిపెట్టండి, శిశు మరణాలపై జరిపే విచారణలో ఆ దారి సంగతి రాయించండి. పెద్దబిడ్డ ఉంటే వాడికి టీకాలు పడ్డాయేమో కూడా ఆ రోజే చూసి రండి.